గొట్టం లోపలి అతుకు

ఆమెను వీధంతా సూదక్క అంటుంది. కొంత ఆమె చేతిపని చూసి పెట్టిన పేరు, చాలావరకు నోరు చూసి పెట్టింది. ఒకప్పుడు బట్టలు కుట్టేది. మొగుడు సైకిలు షాపు నడిపేవాడు. ఆయన పోయాక షాపు తాళంచెవి మరిది జేబులోకి వెళ్ళింది. ఆమెకు దక్కింది గుమ్మం పక్కన ఒక స్టూలు. అది కూడా మరిది దయ అనుకునేరు. డైనమో లైట్లకు తీగ లాగడం ఆ మహానుభావుడికి చేతకాదు, అంతే.

అతను లాగిన తీగ చిక్కుడు పాదులా ఉండేది. సైకిలు గొట్టం చుట్టూ అడ్డదిడ్డంగా చుట్లు, ఎక్కడ పడితే అక్కడ నల్లటేపు ముద్దలు, ప్యాంటు అంచుకు తగులుకోవడానికి సిద్ధంగా ఒక కొస. సూదక్క పద్ధతి వేరు. గొట్టానికి డైనమో దగ్గర ఒకటి, ముందు లైటు దగ్గర ఒకటి సన్నటి రంధ్రాలు వేస్తుంది. చిన్న నట్టు కట్టిన దారాన్ని వెనక రంధ్రంలోకి వదిలి, సైకిలును ఎత్తి వంచుతుంది. నట్టు లోపల గలగలమంటూ జారి ముందువైపు రంధ్రం దగ్గరికి వస్తుంది. ఇక ఆ దారానికి తీగ కట్టి లాగడమే. బయటికి కనిపించేది ఇక్కడ వేలెడు, అక్కడ వేలెడు. మిగతాదంతా గొట్టం కడుపులో. వీధిలో ఆ పని చేసేవాళ్ళు ఇంకొకరు లేరు. ఉండకుండా ఆమే చూసుకుంది.

తీగను ఒక్క ముక్కగా వేసేది కాదు. మధ్యలో కత్తిరించి, రెండు కొసలూ వదులుగా మెలిపెట్టి, పైన పలచగా టేపు చుట్టి, ఆ అతుకును గొట్టం నడుమ దాచేది. వెనకనుంచి తోస్తూ ముందునుంచి లాగే ఆమె చేతికి అది ఊడదు. ఇంకెవరైనా గుట్టు తెలుసుకుందామని కొస పట్టుకుని లాగితే ఊడి సగం తీగ చేతికి రావాలి, వాళ్ళు తెల్లమొహం వేయాలి. మరిది ఒకసారి ఆమె లేనప్పుడు లాగాడు. తెల్లమొహం వేశాడు. మర్నాడు ఆమె ఆ సైకిలును బాగు చేస్తూ, వచ్చిన ప్రతివాడికీ వినబడేలా, "కొందరికి చేతులున్నాయి కానీ వేళ్ళు లేవు" అంది. తోడికోడలు ఆ మాటకు మూడు రోజులు ముఖం గంటుపెట్టుకుని తిరిగింది.

వదినకూ మరిదికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మరిది పొద్దున్నే షట్టరు ఎత్తి, "వచ్చావా వదినా" అనేవాడు, రాకపోతే బాగుండునన్న గొంతుతో.

"నా మొగుడి షాపుకి నేను రాక ఎవరొస్తారు" అనేది ఆమె.

"అన్నయ్య పోయాడు కదా."

"పోయాడు. నువ్వు మిగిలావు. అదే నా ఖర్మ."

అలాంటి రోజుల్లో ఆసుపత్రి నుంచి, ఇంటింటికీ తిరిగి రోగులను చూసే నర్సుల సైకిళ్ళు లైట్ల కోసం వచ్చాయి. తీగ బయటికి కనబడకూడదని పెద్దనర్సు పట్టుబట్టింది. మరిది సరేనని సైకిళ్ళను వదినవైపు నెట్టాడు. సూదక్క ఒక్కో సైకిలునూ తీరిగ్గా ముగించింది. అన్నింటిలోనూ అతుకు దాచింది. ఇక తన స్టూలును కదిలించే మగాడు పుట్టలేదనుకుంది.

తర్వాత వర్షాలు వచ్చాయి, రోడ్లు గుంతలయ్యాయి. ఒక ఉదయం పొడుగాటి నర్సు ఒకతె ఒంటిచేత్తో సైకిలు నెట్టుకుంటూ వచ్చింది. రెండో చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది.

"మలుపులో లైటు ఆరిపోయింది" అంది. "పక్కన మురుగుకాలవ. మోచెయ్యి విరిగింది."

మరిది పంక్చరు పని అక్కడే వదిలి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పండగ ముఖం దాచుకుందామన్నా అతనికి చేతకాలేదు. "లోపలి తీగ వద్దని నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నానమ్మా" అన్నాడు. అది పచ్చి అబద్ధం.

"బల్బు పోయుంటుంది" అంది సూదక్క. కొత్త బల్బు పెట్టి చక్రం తిప్పింది. వెలగలేదు. ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. అయినా చెయ్యి ఆగలేదు, ముందువైపు కొస పట్టుకుని మెల్లగా లాగింది. సగం తీగ జారి ఒళ్ళో పడింది. గుంతల కుదుపుకు అతుకు ఊడింది.

"నీ చేతికీ సగమే వచ్చిందే" అన్నాడు మరిది. వంగి కొస చూశాడు. "ఈ మెలి ఏంటి వదినా? కొత్త తీగ కదా. అతుకెందుకు?"

సూదక్క ఆ కొసను గుప్పిట్లో మూసింది.

"మిగతా సైకిళ్ళకీ ఇలాగే ఉందా?" అని అడిగింది నర్సు.

ఈ ఒక్కదానికే అంటే సరిపోయేది. మరిదికి రుజువు దొరకదు, స్టూలు ఎక్కడికీ పోదు. మిగతావాటిని ఏదో వంకతో ఒక్కొక్కటిగా పిలిపించి సరిచేసుకోవచ్చు. కానీ ఆ సైకిళ్ళన్నీ ఈ సాయంత్రమే రోడ్డెక్కుతాయి. సూదక్క ఆ కట్టువైపు చూసింది. ఒళ్ళు మండింది, మరిది మీద కాదు, తన మీదే.

"అన్నింటికీ ఉంది" అంది.

"ఎందుకు?"

"వీడు లాగి చూస్తాడని."

నర్సు ఆమెనూ మరిదినీ మార్చి మార్చి చూసింది. "మీ ఇంటి గొడవ నా చేతిమీద తీర్చుకున్నారా" అంది. గొంతు పెంచలేదు. "నాకు అందం అక్కర్లేదు. చీకట్లో తడిమితే తీగ చేతికి తగలాలి. తెగితే నేనే కలుపుకోవాలి. చీకటి పడేలోగా అన్నీ అలా చెయ్యండి."

మధ్యాహ్నానికి ఆసుపత్రి సైకిళ్ళన్నీ షాపు ముందు చేరాయి. ఒక్కరి చేతులతో అయ్యే పని కాదు. సూదక్క పళ్ళు నూరుకుంటూ మరిదిని పిలిచింది.

"చుట్టకు. గొట్టం కిందుగా తిన్నగా పట్టు. జానెడుకొక కట్టు. బ్రేకు కడ్డీకి తగలనివ్వకు."

"ఇలాగా?"

"కళ్ళు దొబ్బాయా? హ్యాండిలు పూర్తిగా తిప్పి చూడు. అక్కడ వదులు ఉంచకపోతే రేపే తెగుతుంది."

అతను తిప్పి చూశాడు, వదులు ఉంచాడు. మొదటిది వంకరగా వచ్చింది, తర్వాతది కాస్త నయం. పొద్దు వాలేసరికి అడగకుండానే చేస్తున్నాడు. ఆ తీగ తిన్నగా, శుభ్రంగా ఉంది. తీగ చక్కగా లాగే నేర్పును ఇన్నేళ్ళు దాచుకున్న సూదక్క దాన్ని ఒక్క పూటలో వాడి చేతికి ఇచ్చేసింది, అదీ తన నోటితోనే.

నర్సు వచ్చి ఒక్కో చక్రమూ తిప్పి చూసింది. అన్నీ వెలిగాయి. "ఇకమీద మావి నువ్వే చూడు" అంది మరిదితో. సూదక్కవైపు చూడలేదు.

మరిది కూడా వదినవైపు చూడకుండానే తలూపాడు.

నర్సు తన సైకిలు తీసుకుని బయల్దేరింది. గుమ్మం ముందు మెట్టు దగ్గర ఒంటిచేత్తో దించలేక ఆగిపోయింది. సూదక్క గబగబా లేచి వెనక సీటు పట్టుకోబోయింది.

"నువ్వు వద్దు" అంది నర్సు, సైకిలును తనవైపు లాక్కుంటూ.

మరిది వెళ్ళి దించాడు.