చేతులు వదలని వాళ్లం

నా చిన్నప్పుడు మా మావయ్య సముద్రంలో పెట్టిన పరీక్షలో తప్పాడన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. తిరువూరు బస్టాండు దగ్గర కూరలు కొంటుంటే ఆయన బెజవాడ బస్సు దిగడం చూసిందట. గుమ్మంలోకి రాకముందే, "పిన్నీ, మీ తమ్ముడొస్తున్నాడు, రేకు పెట్టెతో సహా. పాసైన మొహంలా మాత్రం లేదు" అంది. అమ్మ నాయనమ్మ దుప్పటి ఉతుకుతోంది. తల కూడా ఎత్తకుండా "రానీ, అన్నం ఉంది" అంది. సంతోషించడానికైనా బాధపడటానికైనా ఆ రోజుల్లో అమ్మకు ఓపిక మిగిలేది కాదు.

అవి డెబ్బైల నాటి రోజులు. మా నాయనమ్మ పక్షవాతంతో మంచం పట్టింది. ఒక పక్క చచ్చుబడింది, మూతి వంకరపోయింది. రోజు మొత్తానికి ఒకటి రెండు మాటలు వస్తే గొప్ప. నాన్న విస్సన్నపేట అవతల మామిడి తోటలకు కాపలా ఉండేవాడు, కాపు అయ్యేదాకా ఇంటికి రావడం తక్కువ. నాయనమ్మ దగ్గర మనిషి ఉండాలి గనుక నేను బడికి వెళ్లలేదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అమ్మ బొగ్గుముక్కతో దిద్దించిన అక్షరాలే నా చదువు. అంత అలసటలోనూ ఆ చదువు ఇచ్చినందుకు దేవునికీ అమ్మకూ ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాను.

పక్కింటి అక్క రోజూ వచ్చి "నేనో చెయ్యి వేస్తా పిన్నీ" అనేది. అమ్మ ఒప్పుకునేది కాదు. అత్తగారి ఒళ్లు పరాయి చేతులతో తుడిపిస్తే ఆవిడ మనసు ఎంత నొచ్చుకుంటుందోనని భయం. ఆ వారమే అమ్మ పొయ్యి ముందు కునికిపాట్లు పడి కొంగు కాల్చుకుంది. అమ్మే పడిపోతే నాయనమ్మ గతి ఏమిటన్నది నా దిగులు. ప్రార్థనలో నేను వేరే ఏమీ అడిగేదాన్ని కాదు.

సముద్రంలో చిక్కుకున్న వాళ్లను ఒడ్డుకు తెచ్చే పడవ నడపడానికి విశాఖ వైపు తర్ఫీదు ఇస్తున్నారని విని వెళ్లాడు మావయ్య. చదువు, కంటిచూపు, ఈత చూసి తీసుకున్నారు. తాళ్లకు ముడులు వేయడం, తడిసి ఆగిపోయిన ఇంజన్ను మళ్లీ కదిలించడం, విరిగిపడే కెరటానికి పడవ ముక్కు ఎదురుగా పెట్టి దాటించడం, వచ్చేటప్పుడు కెరటం ముందు పరుగెత్తకుండా దాని వెనకే ఓపిగ్గా రావడం, అన్నీ నేర్చుకున్నాడు. తప్పింది ఆఖరి పరీక్షలో. అందులో పడవ నడిపే పనే లేదు. మునిగిపోయేవాడిలా నీళ్లలో ఒళ్లు వదిలేసి ఉండాలి, తోటివాళ్లు వచ్చి పైకి లాగుతారు. చుక్కాని పట్టేవాడికి ముందు అది తెలియాలని అక్కడి నియమం.

మాది మెట్ట ప్రాంతం. మా వైపు మగపిల్లలు మోటబావుల్లో ఈత నేర్చేవారు. బావిలోంచి ఒకరి చెయ్యి పట్టుకుని పైకి వచ్చినవాణ్ణి తోటివాళ్లు చాలాకాలం ఏడిపించేవారు. మావయ్య ఆ అలవాటుతోనే సముద్రంలో దిగాడు. పడవ దగ్గరికి రాగానే ఊరుకోలేక తనే అంచు పట్టుకుని ఎక్కబోయాడు. పడవ ఒరిగి, కెరటానికి అడ్డం తిరిగి, అందరితోనూ బోల్తా పడింది. దేవుని దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నేర్పే సారు తిట్టలేదట. "చేతులు వదిలెయ్యడం నేర్చుకుని రా, అప్పుడు చుక్కాని ఇస్తా" అన్నారట.

మావయ్య ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున మా వాకిట్లో నులక మంచం పడవ అయింది. మావయ్య నేల మీద వెల్లకిలా పడుకుని "కోడలా, మునిగిపోతున్నానే, ఎక్కించు" అన్నాడు. నేనూ అక్కా చెరో భుజం పట్టుకున్నాం.

"ధాన్యం బస్తాకైనా చెవులుంటాయి మావయ్యా, నిన్నెక్కడ పట్టుకోవాలి?" అంది అక్క.

"మోచెయ్యి! మళ్లీ మోచెయ్యి మంచానికి ఆనించావు, తప్పావు!" అని నేను అరిచాను.

"నేను ఆనించలేదే, అదే ఆనుకుంది" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. మావయ్య అది పట్టుకుని "అక్కా, నువ్వూ ఓసారి పడుకో, పరీక్ష పెడతాం" అన్నాడు. "నాకు రోజూ ఉన్నాయిలేరా పరీక్షలు" అని అమ్మ నాయనమ్మకు నీళ్లు పోయడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

కాసేపటికి పెరట్లో చెంబు దొర్లిన చప్పుడు. పరుగెత్తాం. స్నానం చేయించే బండ మీద అమ్మ కాలు జారింది. నాయనమ్మను ఎత్తబోతున్నదల్లా మోకాళ్ల మీద కూలబడి, ఆమెను మాత్రం రెండు చేతులా బిగించి పట్టుకుంది. అక్క వెళ్లి నాయనమ్మ భుజాల కింద చేతులు వేసింది.

"నేను పట్టుకున్నా పిన్నీ, నువ్వొదులు."

"నేను చూసుకుంటా, నువ్వే వదులు."

ఇద్దరూ చెరో వైపు లాగుతుంటే మధ్యలో నాయనమ్మ తడి ఒళ్లు జారిపోతోంది. మావయ్య అరవలేదు. "అక్కా, పడవ తిరగబడుతోంది. చేతులు వదిలెయ్" అన్నాడు మెల్లిగా.

అమ్మ వదిలేసింది. ఆ వదలడంతో ఆమె ఒంట్లో మిగిలిన బిగువంతా పోయినట్టయింది. అలాగే గోడకు జారగిలబడింది. అక్క, మావయ్య కలిసి నాయనమ్మను అక్కడే నీడలో ఉన్న మంచం మీదికి చేర్చారు. అక్క ఆమె ఒళ్లు తుడవసాగింది. అమ్మకు మనసు ఊరుకోలేదు. "అత్తయ్యా, ఏమీ అనుకోకండి, ఇదుగో వస్తున్నా" అంటూ గోడ పట్టుకుని లేవబోయింది.

అప్పుడు నాయనమ్మ నోరు తెరిచింది. పెదవి వంకరపోతూ ఉంటే, చాలాసేపటికి కళ్లతో అమ్మను చూపిస్తూ అక్కతో ఒక్క మాట అంది.

"పడుకోనీ."

అమ్మ అక్కడే, ఆ తడి గోడకు ఆనుకునే నిద్రపోయింది. ఎండ మొహం మీదికి వస్తే మావయ్య దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. నేను అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆ రోజు నుంచి పొద్దుటి పని పక్కింటి అక్కది. అమ్మ పక్కన కూర్చుని చూస్తూ ఉండేది. మొదట్లో చేతులు ముందుకు వెళ్లేవి, మళ్లీ ఒళ్లోకి తెచ్చుకునేది. మావయ్య తర్వాతి జట్టుతో వెళ్లి పాసయ్యాడు. చాలా ఏళ్లు ఆ పడవ నడిపాడు.

నేనూ ఇప్పుడు చాలా అలసిపోయినదాన్నే. బస్సు మెట్టు దగ్గర ముక్కూమొహం తెలియని పిల్ల చెయ్యి అందిస్తే, "వద్దులేమ్మా" అన్న మాట నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి, నా బరువు ఆ చేతికి ఇచ్చేస్తాను. ఇచ్చి, మనసులో ఒక వందనం చెప్పుకుంటాను. నాకు మిగిలిన విద్య అదే.

మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ప్రార్థనకు కూర్చున్నప్పుడు మా నాయనమ్మను ఒక్కసారి తలుచుకోండి. రోజుకు ఒకటి రెండు మాటలే మిగిలిన మనిషి, ఆ రోజు మాటను మా అమ్మ నిద్రకు ఇచ్చేసింది.