వెయ్యీ తొమ్మిదో భరిణె

బేరానికి లొంగని వస్తువంటూ లోకంలో లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. హిందూపురంలో అంగళ్లవాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా అవ్వ దేవుడికి మొక్కుకునేటప్పుడు కూడా మొదట తక్కువే చెప్పేది. (పాపం, ఆయన ఎప్పుడూ ఎక్కువ అడగలేదు.)

ధర్మవరంలో మా మామ పట్టుచీరల అంగడి తెరుస్తున్నాడు. వచ్చిన ఆడవాళ్లకు పంచడానికి హిందూపురం నుంచి వెయ్యెనిమిది కుంకుమ భరిణెలు తెమ్మని నాకు చెప్పాడు. ప్రారంభం నాడు వాటిని బల్లమీద వరసలుగా పేర్చాలి. "వరస తెగినట్టు కనపడగూడదు అల్లుడా, మగ్గం మీద పోగు తెగినట్టు ఉంటాది. బాగా పేరిస్తే గల్లా కాడ కూర్చోబెడతా. లేదంటే చీరలు మడత పెట్టుకుంటా ఉండు" అన్నాడు. గల్లా కుర్చీ కోసం నేను ఏమైనా చేసే వయసది.

కొసరు అడగకుండా వస్తే నాయన పరువు పోతుంది కదా, అంగడాయన దగ్గర ఇంకో భరిణె లాక్కున్నాను. ధర్మవరం చేరి ముప్పై ఆరేసి చొప్పున ఇరవై ఎనిమిది వరసలు పేర్చాను. ముచ్చటగా కుదిరాయి, కానీ చేతిలో కొసరు మిగిలిపోయింది. వరసకు ఒకటి పెంచాను, రెండు తగ్గించాను. ఎలా పేర్చినా చివరి వరస పళ్లూడిన నోరులా నన్ను చూసి నవ్వుతోంది.

మామ కూతురు లెక్కల్లో బీఎస్సీ చదువుతోంది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"బావా, వెయ్యీ తొమ్మిది ప్రధాన సంఖ్య. ఏ వరసకూ సమంగా రాదు."

"ఇంత పెద్ద అంకె ఏదో ఒక ఎక్కంలో పోకుండా ఉంటాదా? ఏడో ఎక్కంలో?"

"పోదు."

"పోనీ, ఎనిమిదో ఎక్కంలో?"

"రెండో ఎక్కంలోనే పోనిది ఎనిమిదిలో యాడ పోతాది? ముప్పై ఒకటి దాకా చూసినా. ఆపైన చూసే పనే లేదు."

"ముప్పై ఒక్క అంగళ్లు తిరిగి, ఊళ్లోనే సరుకు లేదంటే ఎట్ల?"

"పెద్దదాంట్లో పోవాలంటే దానికి జతగా చిన్నదొకటి ఉండాల గదా. చిన్నవాటిల్లో ఒకటీ లేదు."

అర్థమైనట్టు తలూపాను. (ఇప్పటికీ ఎవరైనా అడిగితే అలాగే ఊపుతాను.)

"ఆ ఒక్కటీ తీసెయ్యి" అంది. నేను గెలుచుకొచ్చింది ఆ ఒక్కటే! ఒకటి ఎక్కువై చెడినప్పుడు ఇంకొన్ని ఎక్కువైతే బాగుపడదా అని పెనుకొండ బస్సెక్కాను. అక్కడ పాత్రల అంగడాయన నాయనకు స్నేహితుడు. "ఇంద, నాలుగు తీసుకోని పో నాయనా, నన్ను యాపారం చేసుకోనీ" అని దండం పెట్టాడు. సరిసంఖ్య కదా అని ధీమాగా తిరిగొచ్చాను. మరదలు కాగితం మీద ఏవో భాగహారాలు వేసి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"వెయ్యీ పదమూడు! బావా, ఇదీ ప్రధానమే!"

నేను బల్ల పక్కన కూలబడ్డాను. బయట మామ గొంతు వినిపిస్తోంది.

"ఇప్పుడు ఒకటి వదులుకుంటే చాలు. నాకియ్యి" అని ఆమె చెయ్యి చాపింది. ఇచ్చేశాను. మిగిలినవి నలభై నాలుగేసి చొప్పున ఇరవై మూడు వరసలై చక్కగా నిలబడ్డాయి. మామ ఆ మూల నుంచి ఈ మూలకు చూసి, గల్లా తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

ఆ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. మరదలు ఇప్పుడు ముదిగుబ్బలో లెక్కల టీచరు. వాళ్లాయన చాలా మంచివాడు, ఎంత చెబితే అంత ఇచ్చి చీర కొనుక్కుపోతాడు. బుద్ధి తెలిశాక నేను బేరమాడకుండా ఇచ్చిన వస్తువు ఆ భరిణె ఒక్కటే. బదులుగా నాకేమిస్తావని అడిగి ఉంటే ఆమె ఏమనేదో! పెనుకొండ దాకా పోయి నాలుగు భరిణెలు అడుక్కొచ్చిన కుర్రాడు, ఎదురుగా ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేకపోయాడు. వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా.