పై అర్రలకు దలాల్

మా ఆయన పోయిన ఏడాదికి, తుకుం బస్తీల మా ఇంటి మీది రెండు అర్రలు కిరాయికి ఇద్దామనుకున్న. ఏండ్లకేండ్లు ఉండేటోళ్లకు కాదు. కొత్త కంపెనీలు దిగుతున్న రోజులవి. కరెంటు ప్లాంటుల మిషన్లు బంద్ పెట్టి రిపేర్లు చేసేటప్పుడు బయటి ఇంజనీర్లు పది రోజులకో, ఇరవై రోజులకో వచ్చేటోళ్లు. లాడ్జిల ఉండబుద్ధిగాక ఇండ్లు వెతుక్కునేటోళ్లు. వాళ్లకే ఇద్దామని. కాని నేను బస్టాండుల నిలబడి మనుషుల్ని పిలుచుకు రాలేను గదా. నడుమ ఒక దలాల్ కావాలె.

మొదటాయనకు బజార్ల ఆఫీసు ఉండె. అద్దం బల్ల, దాని మీద ఫోను. అక్కను పిలిచినట్టు తాయీ అనుకుంట మరాఠీల మర్యాదగనే మాట్లాడిండు.

"తాయీ, తాళాలు నాకియ్యండి. మనుషుల్ని పెట్టుడు, పంపుడు, ఊడ్పించుడు అంత మేమే చూస్తం. బయటి మెట్ల మీదికెల్లి ఎక్కిపోతరు. పైన ఎవరన్న ఉన్నరని కూడ మీకు తెల్వది."

ఆయన మంచికే చెప్పిండు. నేను మాత్రం తాళాలు ఇయ్యలే. ఆలోచించి చెప్త అని లేచొచ్చిన.

రెండో ఆయన బాబుపేట్ల ఒక దర్జీ దుకాణంల కూసుంటుండె. బోర్డు లేదు. మాది రాజూరా దిక్కు, తెలుగోళ్లమని నేను అనంగనే తెలుగుల మాట్లాడిండు. మరునాడు సైకిలు మీద వచ్చి, పైకెక్కి నల్లా తిప్పి చూసిండు. మంచం మీద పండుకొని ఫ్యాను గాలి తగుల్తుందా అని చూసిండు. దిగొచ్చి అడిగిండు.

"పగటీలి ఇంట్ల ఎవరుంటరక్కా?"

"నేనే."

"ఇంకా?"

"ఇంకెవరు లేరన్నా."

"అయితే ఎవలొచ్చినా మొదటి రోజు నేనే తోల్కొని వస్త. ఒక్కన్ని పంప" అన్నడు.

మా తమ్ముడు విని, "ఆఫీసున్నోన్ని ఇడ్సిపెట్టి సైకిలోన్ని పట్టుకున్నవేందక్కా?" అని కోపం చేసిండు. ఇంట్లకు మనిషి వచ్చిండని నాకు తెల్వాలె, గంతే.

మూడేండ్లు గట్లనే నడిచింది. కొత్త మనిషిని తెచ్చినప్పుడల్ల ఆయన వరండాల చాయ్ తాగి పోయేటోడు. ఇంజనీర్లు పొద్దున పోతే చీకటి పడ్డంకనే వచ్చేటోళ్లు. పని అయిపోతే తాళంచెవి చేతిల పెట్టి, "పోయొస్తమమ్మా" అని పోయేటోళ్లు. మళ్ల వచ్చినోడు ఒక్కడు లేడు. వాళ్లు మర్చిపోయిన దువ్వెనలు, సబ్బుబిళ్లలు ఏరి, పక్కబట్టలు మార్చేదాన్ని. నాకు మాట్లాడెతందుకు ఆ చాయ్ తాగే పావుగంటే. మోకాలి నొప్పి, నల్లా రాకపోవుడు, మా ఆయన ముచ్చట్లు అన్ని చెప్పేదాన్ని. ఆయన ఇనేటోడు.

ఒక ఎండకాలం రెండు నెలలు రాలే. బాబుపేట్ పోయి దర్జీని అడిగిన.

"భార్య పోయింది గదా, విసాపూర్ల బిడ్డ దగ్గరికి పోయిండు. రెండేండ్లు మంచంలనే ఉండె ఆమె. మీకు చెప్పలేదా?"

చెప్పలే. నేను అడగలే. భార్య ఉన్నదా అని సుత ఎన్నడు అడగలే.

తెల్లారి విసాపూర్ బస్సెక్కిన. ఇల్లు కనుక్కొని పోతే, గడ్డం పెరిగి అరుగు మీద కూసొని ఉన్నడు. నన్ను చూసి గబుక్కున లేచిండు.

"ఎవరన్న సతాయిస్తున్నరా అక్కా?"

"లేదన్నా. వదినె ఎట్లుండేదో చెప్పు."

బిడ్డ నీళ్లు ఇచ్చి లోపలికి పోయింది. తర్వాత మెల్లగ షురువు చేసిండు. ఆమెకు చింతచిగురు పప్పంటే పాణమని, సినిమాకు తోల్కపోతే హాల్ల నిద్రపోయేదని, ఆఖరికి మాట పడిపోతే మంచం పట్టె మీద కొట్టి పిలిచేదని. ఎండ అరుగు దాటి గోడ మీదికి ఎక్కేదాక చెప్తనే ఉండె.

ఆయన మళ్ల దలాలీకి రాలే. పై అర్రలు ఒక నర్సమ్మకు ఏడాది కిరాయికి ఇచ్చేసిన. ఆమె పొద్దంత దవాఖానలనే ఉంటుండె. అప్పుడప్పుడు నేను విసాపూర్ పోతే, ఆయన నేను ఇద్దరం ఇంత సేపు కూసునేటోళ్లం. రెండేండ్లకు ఆయన అల్లునికి బదిలీ అయి వాళ్లంత నాగపూర్ పోయిండ్రు. విసాపూర్ పోయే బస్సు నంబరు మాత్రం నాకు యాది ఉండిపోయింది.