లావెండరుకి నీళ్లు పోసిందెవరు?

నీళ్లు పోయనివ్వకుండా మొక్కల్ని ఎండగట్టి చంపానని బాపట్ల ప్లీడరుగారు కోర్టు వరండాలో పదిమంది ముందు నా మీద నింద వేశారు. అది అబద్ధం.

1967 చలికాలం. తెనాలిలో నాకు చిన్న నర్సరీ ఉండేది. నాలుగో తరగతితో బడి మానేసినా, ఇంగ్లీషు తోటపని పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మాట మాటా వెతుక్కుంటూ చదివినవాణ్ణి. ప్లీడరుగారు ఊటీ నుంచి మూడు లావెండరు మొక్కలు తెచ్చి నన్ను పిలిపించారు. లావెండరుకి తడి పడదు. అందుకని ఇసుక, ఇటుక ముక్కలు, గుప్పెడు సున్నం కలిపి జానెడెత్తు మడి కట్టి నాటాను. దీన్నే రెయిజ్డ్ బెడ్ అంటారు. పోసిన నీరు వేరు దగ్గర నిలవదు.

“వేలు దించి చూడండమ్మా. రెండు కణుపుల లోతున పొడి తగిలితేనే ఒక చెంబు. లేకపోతే చుక్క కూడా వద్దు,” అని ప్లీడరుగారి భార్యకు చెప్పాను.

“ఆకులు వాలిపోతేనో, అన్నయ్యగారూ?”

“వాలినా సరే, వద్దు.” ఎందుకో చెప్పలేదు.

మూడు వారాలకు కబురొస్తే వెళ్లాను. మూడు మొక్కలూ తలలు వేలాడేసి ఉన్నాయి.

“ఏమోయ్ కోటయ్యా, నీ పుస్తకంలో మొక్కలు గాలి తాగి బతుకుతాయా?” అన్నారాయన.

ఒకటి పెకలించాను. వేళ్లు నల్లగా, మెత్తగా ఊడి చేతికొచ్చాయి. మురుగు కంపు. ఇది రూట్ రాట్, అంటే వేరుకుళ్లు. నీళ్లు ఎక్కువైతేనే వస్తుంది. దాహమైనా, తడి ఎక్కువైనా ఆకు ఒకేలా వాలుతుంది. తేడా వేరు చూస్తేనే తెలుస్తుంది.

“ఎవరో రోజూ పోస్తున్నారండీ!”

“మా ఇంట్లోవాళ్లు అబద్ధాలకోరులంటావా? నడు బయటికి!”

అమ్మగారు గుమ్మంలో తల దించుకుని నిలబడ్డారు.

ఆయన కోర్టు వరండాలో ఆ నింద వేశాక బాపట్లలోనే కాదు, రేపల్లెలోనూ ఒక్క ఇల్లు నన్ను పిలవలేదు. “నీళ్లొద్దనే కోటయ్య” అని పేరు పెట్టారు. ఆ నింద వెనక్కి తీసుకోమని ప్లీడరుగారికి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

ఏడాది దాటాక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. రాసింది ఆయన కాదు, అమ్మగారు. అది చదివాక, ఇన్నేళ్లలో మళ్లీ ఎవరికీ ఎందుకో చెప్పకుండా నీళ్లొద్దనలేదు. ఆమె రాసింది ఇదీ:

“అన్నయ్యగారికి నమస్కారాలు. మీ మూడో ఉత్తరం నా చేతికొచ్చింది. రోజూ నీళ్లు పోసింది నేనేనండి. మా పెద్దబాబుకి ఆపరేషన్ అయినప్పుడు చుక్క నీళ్లు ఇవ్వొద్దని డాక్టరుగారు చెప్పారు. ‘అమ్మా, దాహం’ అని అడుగుతూనే ఉన్నాడు. నేను ఇవ్వలేదు. అలాగే పోయాడు. మీరూ వద్దన్నారు. వాలిన ఆకు చూస్తే నా చెయ్యి ఆగలేదు. ఇవాళ ఆయనతో చెప్పేశాను.”