యాసిన్ జేబులో పిన్ను

బట్టలు ఉతకబోతూ సాజిదా భర్త ప్యాంటు జేబులో చేయి పెట్టింది. సగం అగ్గిపుల్లంత ఇనుప పిన్ను తగిలింది.

"ఏందండీ ఇది?"

అన్నం కలుపుతున్న యాసిన్ చేయి కంచంలోనే ఆగిపోయింది.

గురజాల మోటారు మెకానిక్ కొడుకు యాసిన్. కేంద్ర బలగంలో చేరి పదకొండేళ్లుగా తుపాకులు బాగుచేస్తున్నాడు. మొదట్లో అతని చేతికి వచ్చినవన్నీ పొడుగు రైఫిళ్లే, అడవిలో తీగలకు తగులుకునేవి. తరవాత వాళ్ల దళానికీ బుల్‌పప్ అనే పొట్టి తుపాకులు వచ్చాయి. ఇరుకు సందుల్లో, బండ్లలో కొట్లాడే తమ సైనికుల కోసం ఇజ్రాయెల్ వాళ్లు తయారు చేసుకున్న రకం అది. మన దేశానికి వచ్చి ఇరవై ఏళ్లు కావొస్తోంది. తూటాల మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనక, భుజానికి ఆనే భాగంలోనే ఉంటుంది. అందుకే గొట్టం తగ్గకుండానే తుపాకి పొట్టిగా ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే. పేల్చినప్పుడు ఖాళీ గుల్ల చెంప పక్కనుంచే ఎగురుతుంది. ఎడంచేతి వాటం మనిషైతే ముఖానికే కొడుతుంది. అలాంటివాళ్లకు లోపలి బోల్టు మార్చి, గుల్ల ఎడమవైపు పడేట్టు చేయాలి.

మొన్న ఆనంద్ అనే ఎడంచేతి వాటం జవాను తుపాకికి యాసిన్ ఆ పనే చేశాడు. రైలుకు టైమవుతోందని బయట జీపు హారన్ కొడుతూనే ఉంది. తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను జారిపోకుండా పట్టి ఉంచే ఈ చిన్న పిన్ను తీసి జేబులో వేసుకున్నాడు. తిరిగి పెట్టలేదు. చివరి పరీక్ష చేయకుండానే సంతకం పెట్టి సెలవుకు బయల్దేరాడు.

చేయి కడుక్కుని ఫోన్ చేశాడు. ఆనంద్ ఫోన్ స్విచ్ఛాఫ్. అంటే దళం అడవిలోకి వెళ్లిపోయింది. ట్రిగ్గర్ నొక్కినా పేలని తుపాకితో ఆనంద్ అందరికంటే ముందు నడుస్తుంటాడు.

"చెబితే ఉద్యోగం పోద్దేమో," అన్నాడు యాసిన్.

"చెప్పకపోతే?" అంది సాజిదా.

తన పైఅధికారి ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "వైర్‌లెస్‌లో కబురు పంపుతా. ఫోన్ దగ్గరే ఉండు," అని పెట్టేశాడాయన.

మూడు గంటలు గడిచాయి. వీధిలో ఎవరిదో పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలితే యాసిన్ గోడకు అతుక్కుపోయాడు. ఫోన్ మోగితే సాజిదానే ఎత్తి అతని చెవి దగ్గర పెట్టింది.

"ఆనంద్‌ను వెనక్కి తెచ్చాం. ఫైరింగ్ పిన్ను జారిపోయి ఉంది. రేపే వచ్చి రిపోర్ట్ చెయ్."

ఆర్నెల్లు యాసిన్‌ను ఆయుధాల గదిలోకి రానివ్వలేదు. అతను మళ్లీ పనిలోకి వచ్చాక, ఆనంద్ తుపాకి తీసుకునేటప్పుడల్లా అక్కడే కూర్చుని, బోల్టు విప్పి చూసుకుంటాడు. అతను మళ్లీ బిగించేదాకా యాసిన్ పక్కనే నిలబడతాడు.