రహమతున్నీసా గారి ముప్పై మూడు చుక్కలు

సత్తెనపల్లిలో ఒక పిల్లల ఆసుపత్రి ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా స్టాఫ్ నర్సు రహమతున్నీసా. నల్లపాడులో పుట్టి, గుంటూరులో నర్సింగు చదివి, ఇక్కడ స్థిరపడ్డ ఈవిడ జీవితంలో సాహసకృత్యాలేవీ లేవు. ఒకసారి సన్మానం జరగబోయింది గానీ, ముఖ్య అతిథికి జలుబు చేసి ఆగిపోయింది. ఆవిడ సాధించిన విద్య ఒక్కటే: నోటితో ఏమీ తీసుకోకూడని పసివాడికి రోజుకెంత సెలైన్ కావాలో లెక్కగట్టడం.

లెక్క పెద్దదేం కాదు. బరువులో మొదటి పది కిలోలకు, కిలోకి వంద మిల్లీలీటర్లు. తర్వాతి పదికి యాభై. ఆపైన ఇరవై. వచ్చినదాన్ని ఇరవై నాలుగు గంటలకు పంచాలి. ఈ సూత్రాన్ని ఆసుపత్రిలో వదిలేసి ఆవిడ ఏనాడూ ఇంటికి రాలేదు. పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చున్న పిల్లల్ని చూసి, "వాడు పదమూడు వందలు. ఆ పక్కది పదకొండు" అని గొణుక్కుంటుంది.

"ముందు నువ్వు తినవే" అంటాడు భర్త జాన్ బాషా. ఆయన బరువు ఎనభై దాటినందున లెక్కలో చేర్చలేదు.

మొన్న మార్చిలో పది నెలల శ్రీజ వచ్చింది. పేగులో పేగు దూరింది. డాక్టరు రామకాంత్ గారు కత్తి పెట్టకుండానే సరిచేసి, మర్నాడు పొద్దుటిదాకా పాలు కూడా ఇవ్వొద్దని, బరువును బట్టి సెలైన్ పెట్టమని రాశారు. కేసు షీటులో బరువు పది కిలోలు. అంటే రోజుకు వెయ్యి, గంటకు నలభై రెండు.

రహమతున్నీసా బిడ్డను ఎత్తుకుంది. కాగితం పదంటోంది. చేయి ఎనిమిదంటోంది. చేతికి సర్టిఫికెట్ లేదు, కానీ సర్వీసు ఉంది.

"ఎవరు తూచారు దీన్ని?"

పసిపిల్లల కాటా రిపేరుకెళ్లింది కాబట్టి తాతను అడిగి రాశారని తేలింది. తాత పేరు యలమందయ్య. నాలుగెకరాల మిర్చి రైతు.

"నేనే తూచా సిస్టరమ్మా. మొన్న కల్లంలో, కాయల కాటా మీద, బుట్టలో కూచోబెట్టి."

"బుట్ట బరువు తీసేశారా?"

"తియ్యకుండా ఎట్టా? అంత తెలివితక్కువోడిలా కనపడుతున్నానా?"

రహమతున్నీసా వార్డు మూలకు వేలు చూపించింది. పెద్దవాళ్లు ఎక్కే కాటా ఒకటుంది, దాన్ని లాగించింది. బిడ్డకు గౌను విప్పింది, వెండి మొలతాడు తీసింది, పట్టీలు తీసింది.

"మొదలెట్టారా తరుగు!" అన్నాడు యలమందయ్య.

మిర్చి బస్తా కాటా ఎక్కిందంటే తేమ అనో, గోతం అనో చెప్పి కొంత బరువు కోసేస్తారు. దానికి తరుగు అని పేరు. యలమందయ్య నలభై ఏళ్లుగా తరుగు ఇచ్చుకుంటున్నవాడు. కాటా కనపడితే చాలు, ఆయన రక్తం సలసలా కాగుతుంది.

తల్లి రాగసుధ బిడ్డతో కాటా ఎక్కింది. అరవై రెండు. బిడ్డను దించి ఒక్కతే ఎక్కింది. యాభై నాలుగు. మూడుసార్లు తూచినా తేడా ఎనిమిదే.

"పెద్దాయనా, మీ కల్లంలో కాటా ఎంత చూపించింది? అబద్ధం చెప్పకండి."

యలమందయ్య ఫ్యాను వైపు చూశాడు.

"మావయ్యా!" అంది రాగసుధ.

"ఎనిమిదే చూపించింది. ఎట్టాగూ మీరు రెండు కోస్తారుగా! తక్కువంటే మందూ తక్కువ ఎక్కిస్తారని, ముందే కలిపి చెప్పా."

లోకంలో ఇంతకంటే న్యాయమైన అబద్ధం చెప్పినవారు అరుదు. కానీ దాని ఖరీదు రోజుకు రెండు వందల మిల్లీలీటర్లు.

"ఎక్కువ పోతే బలమే గదా?"

"బలం కాదు. అంత చిన్న ఒంట్లో నీళ్లెక్కువైతే ఉప్పు పలచబడిపోద్ది, మెదడు వాచిపోద్ది, ఫిట్సొస్తాయి. మీ మిర్చికి తడి ఎక్కువైతే ఏమవుద్ది?"

"వేరు కుళ్లుద్ది."

"మరి?"

నలభై ఏళ్ల వ్యవసాయం రెండు కిలోలు వెనక్కి తీసుకుంది. రహమతున్నీసా డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి పదిని కొట్టేసి ఎనిమిది వేసి, సంతకం పెట్టారు. ఎనిమిది వందలు, గంటకు ముప్పై మూడు. పసిపిల్లలకు సెలైన్ ఎక్కించే చిన్న చుక్కల గొట్టానికి ఒక సౌకర్యముంది: గంటకెన్ని మిల్లీలీటర్లో, నిమిషానికి అన్నే చుక్కలు.

ఆ సంగతి యలమందయ్యకు చెప్పడం ఆవిడ చేసిన పొరపాటు. ఆయన వాచీ విప్పి చేత్తో పట్టుకుని, సెలైన్ స్టాండు కింద కూర్చున్నాడు.

"సిస్టరమ్మా! ముప్పై నాలుగు పడ్డాయి!"

"మళ్లీ లెక్కపెట్టండి."

"ముప్పై మూడే. కానీ ఒకటి పెద్దగా పడింది."

సాయంత్రానికి శ్రీజ రెండు గుడ్డలు తడిపింది. రహమతున్నీసా ఆ గుడ్డలను ఆసుపత్రి వంటింటి కాటా మీద తూచి, పొడిగుడ్డ బరువు తీసేసి, ఎంత నీరు బయటికొచ్చిందో చార్టులో రాసింది. పిల్ల ఏడ్చింది, నిద్రపోయింది, లేచి మళ్లీ ఏడ్చింది. ఫిట్సు లేవు, వాపు లేదు.

పొద్దున డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, పాలు ఇవ్వొచ్చన్నారు. రాగసుధ గోడవైపు తిరిగి బిడ్డను అందుకుంది. శ్రీజ గుటకలు వేయడం గది అంతా వినిపించింది.

"ఎన్ని మిల్లీలీటర్లు తాగుద్దంటారు సిస్టరమ్మా?" అన్నాడు యలమందయ్య, వాచీ చేతిలోనే ఉంచుకుని.

"అది తల్లీ పిల్లా చూసుకుంటారు. మన లెక్క అయిపోయింది, బయట కూర్చోండి" అంది రహమతున్నీసా, గొట్టం చక్రం తిప్పి మూసేస్తూ.