ఆంటీ పులుసులోకి నేను పట్టిన బాస్

ఆస్ట్రేలియాలో ఉద్యోగం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో "రాదు" అనే మాట నా నోట వచ్చేది కాదు. ఎవరేం అడిగినా వచ్చనేసేవాణ్ణి. (వంట వచ్చని చెప్పే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే పేటలో ఓ గది సంపాదించాను. ఆ ఇంట్లో పొగ అలారం మొదటిసారి మోగింది నా పోపుకే.) మా వీధిలో అందరూ నరసాపురం ఆంటీ అని పిలిచే ఆవిడ ఉండేవారు. అంకుల్ డాక్టరు. ఓ శనివారం వాళ్లింటికి వెళ్లేసరికి ఆంటీ ఫ్రీజర్‌లోంచి చేపముక్కల పొట్లం తీసి బల్లమీద పడేశారు. రాయి పడ్డట్టు చప్పుడైంది. "ఈ ఊరొచ్చి ఇన్నేళ్లయింది, గిలగిలా కొట్టుకునే చేపని ఒక్కసారైనా వండానా అండీ?" అని అంకుల్‌ని నిలదీశారు. ఆవిడ మొహం చూసి ఉండబట్టలేక, "నేను పట్టిపెడతానాంటీ! చిన్నప్పట్నుంచీ అలవాటే" అనేశాను. మాది అనంతపురం జిల్లా. అప్పటిదాకా నేను దగ్గరగా చూసిన చేప సైన్సు పుస్తకంలోది.

మర్నాడే ప్రయాణం! ఆంటీ అన్నం వండుకుని, చింతపండు రసం సీసాలో పోసుకుని, గిన్నెతో సహా కారెక్కారు. అంకుల్ పర్మిట్ తీసుకుని, గాలం కూడా కొనేశారు. గంట దూరంలో డ్యామ్ వెనక పెద్ద మంచినీటి సరస్సు. అందులో బాస్ అనే చేప దొరుకుతుందని అంకుల్ చెబితే, తెలిసినవాడిలా తలూపాను. మొదటి విసురుకి అంకుల్ టోపీ చిక్కింది. రెండోది వెనకున్న నీలగిరి చెట్టెక్కింది. "గాలివాటం చూస్తున్నానాంటీ" అన్నాను. పక్కన కుర్చీ వేసుకుని గాలం వేస్తున్న ఆస్ట్రేలియన్ తాతగారు "నో వర్రీస్, మేట్" అంటూ తన కుర్చీని పది అడుగులు దూరం జరుపుకున్నారు.

రెండు గంటలు గడిచాయి. ఆంటీ ఖాళీ గిన్నె మూత తీసి, మళ్లీ పెట్టి, "పోన్లే నాన్నా, ఇంకోసారి వద్దాం" అన్నారు మెల్లగా. సరిగ్గా అప్పుడే గాలం కర్ర విల్లులా వంగింది!

"పడింది! ఆంటీ, పడింది!" నా కేకకి ఒడ్డునున్న పెలికన్ పక్షులు ఎగిరిపోయాయి. "చక్రం తిప్పు!" అని అంకుల్. "కాస్త వదిలి లాగు!" అని ఆంటీ. నేను రెండూ చెయ్యకుండా కర్ర పట్టుకుని నేరుగా నీళ్లలోకి పరిగెత్తాను. (ఎందుకని అడక్కండి.) మోకాల్లోతులో జారి కూలబడి, దొరికిన చేపని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాను. "కరుస్తోందాంటీ!"

"కరవట్లేదు, దాని వీపుమీది ముల్లు గుచ్చుకుంటోంది. చచ్చినా వదలకు!" అంటూ ఆంటీ ప్యాంటు పైకి మడుచుకుని దిగి, మొప్పల్లో వేళ్లు దూర్చి ఒక్క ఊపున ఒడ్డుకి లాగారు. రాగి కలిసిన వెండిరంగు, గడ్డిమీద టపటపా తోక! అంకుల్ టేపు పెట్టి కొలిచి, "రూలు ప్రకారం సైజు సరిపోయింది!" అని గంతేశారు.

పార్కులోని కరెంటు బార్బెక్యూ పొయ్యి మీద పులుసు కుతకుతా ఉడికింది. వాసనకి తాతగారు పళ్లెంతో వచ్చారు. కారానికి కళ్లనీళ్లు కారుస్తూనే రెండోసారి వడ్డించుకున్నారు. నేను ముళ్లు ఏరుకోవడం చేతకాక తిప్పలు పడుతుంటే ఆంటీ నవ్వి, "నువ్వెప్పుడూ గాలం పట్టలేదని టోపీ ఊడినప్పుడే తెలిసిపోయింది నాన్నా" అన్నారు.

"మరి అప్పుడే అనలేదేం ఆంటీ?"

"అంటే మానేసేవాడివి. నాకు చేప కావాలి!"

ఇప్పుడు నాకు గాలం వెయ్యడం నిజంగానే వచ్చు. చేప పడితే నిదానంగా లాగుతాను, కొలుస్తాను, ఫొటో తీస్తాను. "యూ ఆర్ సో కామ్, డాడ్" అని మా అమ్మాయి మెచ్చుకుంటుంది. చొక్కా తడవకుండా చేపలు పట్టే ఈ పెద్దమనిషిని చూస్తే మాత్రం నాకే కాస్త జాలేస్తుంది.